తుపాకీ పేలని అధ్యాయాలే ఎందుకు ఊపిరి తీసుకోనివ్వవు? మిలిటరీ, పొలిటికల్ థ్రిల్లర్ల మీద ఒక ప్రశ్న

పుటమడత (ప్రశ్న):

వేగంగా సాగే మిలిటరీ, పొలిటికల్ థ్రిల్లర్లు చదివేవాళ్లకి ఈ సంగతి తెలిసే ఉంటుంది. కాల్పులు జరిగే అధ్యాయాలు చాలాసార్లు చప్పగా తేలిపోతాయి. ఒక గదిలో ఐదుగురు కూర్చుని ఒక కాగితం మీద సంతకం పెట్టాలా వద్దా అని వాదించుకునే అధ్యాయం మాత్రం పుస్తకం కింద పెట్టనివ్వదు. ఇంకో సంగతి. కొన్ని నవలల్లో ఒక యంత్రం గురించి మూడు పేజీలు రాసినా విసుగు రాదు, మరికొన్నింటిలో మూడు వాక్యాలు దాటకముందే కళ్లు కిందికి జారిపోతాయి.

"యాక్షన్ ఉంటుంది కాబట్టి జనం చదువుతారు" అన్న జవాబు వద్దు. అది నిజమైతే పైన చెప్పింది తిరగబడి ఉండాలి. ఈ నవలల పట్టు ఎక్కడుంది, ఏ భాగం ఎలా పనిచేస్తుంది, ఎక్కడ చెడుతుంది అన్నది విడమర్చి చెప్పగలరా?

---

గడియారపుముల్లు:

వేగం సంఘటనల్లో ఉండదండీ. ఎవరికి ఎంత తెలుసు అన్న తేడాలో ఉంటుంది.

1962 అక్టోబరు 27 తీసుకోండి. క్యూబా క్షిపణుల సంక్షోభంలో అన్నిటికన్నా ప్రమాదకరమైన రోజు. అమెరికా యుద్ధనౌకలు ఒక సోవియట్ జలాంతర్గామిని పైకి రప్పించడానికి చిన్న చిన్న పేలుడు గుండ్లు నీళ్లలోకి వదులుతున్నాయి. వాళ్ల దృష్టిలో అవి హెచ్చరిక సంకేతాలు. లోపలున్నవాళ్లకు అవి దాడిలా వినిపిస్తున్నాయి. ఆ జలాంతర్గామి, బి-59లో, అణు టార్పెడో ఉంది. ఆ సంగతి పైనున్న నౌకలకు తెలియదు. ఇక్కడ ఒక్క తూటా కూడా అక్కర్లేదు. పైవాళ్లకు తెలిసింది ఒకటి, కిందివాళ్లకు తెలిసింది ఇంకొకటి, పాఠకుడికి రెండూ తెలుసు. పైవాడు ఇంకో గుండు చేతిలోకి తీసుకున్నాడంటే చాలు, వాక్యం ఎంత నెమ్మదిగా నడిచినా పాఠకుడు పరుగెడతాడు.

కాల్పుల సన్నివేశంలో ఈ తేడా చెరిగిపోతుంది. ఇద్దరూ ఎదురెదురుగా ఉన్నారు, ఇద్దరికీ అన్నీ తెలుసు. మిగిలింది ఎవరికి తగులుతుంది అన్న ప్రశ్న ఒక్కటే. సిరీస్ కథానాయకుడైతే ఆ జవాబు కూడా అట్ట మీదే ఉంటుంది.

ఇక గడువు. "48 గంటల్లో బాంబు పేలుతుంది" అని రాస్తే గడువు అయిపోదు. గంట గంటకీ ఏదో ఒకటి తరగాలి: ఇంధనం, బ్యాటరీ, చీకటి, ఓట్లు, ఒక మనిషి నమ్మకం. ప్రతి సన్నివేశం ఆ ఖాతాలోంచి కొంత ఖర్చు పెట్టాలి. ఏమీ తరగని గడువు గోడకు తగిలించిన క్యాలెండరు లాంటిది.

అధ్యాయం మొదట్లో ఊరు, సమయం వేసే పద్ధతి కూడా దీనికే. అందులో చాలామంది తప్పు చేస్తారు. మాస్కోలో ఉదయం 6 అయితే వాషింగ్టన్‌లో ముందురోజు రాత్రి. చలికాలంలో 10, వేసవిలో 11. అమెరికా గడియారం ఏడాదికి రెండుసార్లు జరుగుతుంది, మాస్కో 2014 అక్టోబరు తర్వాత జరపడం లేదు. ఈ లెక్క తప్పితే, మాస్కోలో జరగబోయేది జరగకముందే వాషింగ్టన్‌లో తెలిసిపోయే అధ్యాయాలు తయారవుతాయి. గడియారాన్ని నమ్మి చదివే పాఠకుడికి అది అన్నంలో రాయి.

---

జల్లెడ:

పై మాటకి ఒక చేర్పు. ఫలితం ముందే తెలిసినా ఈ బిగువు పోదు. ఫ్రెడెరిక్ ఫోర్సైత్ 'ది డే ఆఫ్ ది జాకల్' 1971లో వచ్చింది. కథ ఫ్రాన్స్ అధ్యక్షుడు డిగాల్‌ని చంపే కుట్ర. డిగాల్ 1970 నవంబరులో తన ఇంట్లోనే సహజంగా చనిపోయాడు. అంటే కుట్ర ఫలించదని మొదటి పేజీ తెరవకముందే అందరికీ తెలుసు. అయినా చదివారు.

ఎలా కుదిరిందంటే, "జరుగుతుందా?" అన్న ప్రశ్నని రచయిత మొదటే పక్కన పెట్టి "ఎంతవరకు రాగలిగాడు, ఎక్కడ దొరికాడు?" అన్న ప్రశ్నని చేతిలో పెట్టాడు. అసలు జరిగిన దాడి 1962 ఆగస్టు 22న పెటీ క్లమార్ దగ్గర. టైర్లు పేలినా కారు ఆగలేదు, డిగాల్ బయటపడ్డాడు. ఆ దాడిని నడిపించిన బాస్తియాఁ తిరీని 1963 మార్చిలో కాల్చి చంపారు. నవల ఆ నిజమైన మరణశిక్షతోనే మొదలవుతుంది. అక్కణ్ణుంచి అద్దె హంతకుడి సన్నాహాలు ఒక్కొక్కటే: కాగితాలు, ఆయుధం, వేషం, దారి. ఎదురుగా పోలీసుల వెతుకులాట కూడా అంతే ఓపికగా: రిజిస్టర్లు, హోటల్ చీటీలు, ఫోన్లు. రెండు దారులు ఎక్కడ కలుస్తాయన్నదే కథ.

గమనించాల్సింది ఒకటుంది. అందులో హంతకుడి తెలివి ఎంత కనిపిస్తుందో, గుమాస్తాల ఓపిక కూడా అంత కనిపిస్తుంది. ఈ రకం నవలల ఆకర్షణలో సగం ఇదే. పెద్ద పెద్ద సంఘటనల వెనక మామూలు మనుషుల పని ఎలా నడుస్తుందో లోపలికి తీసుకెళ్లి చూపించడం. దీన్ని దేశభక్తి అనో హింస మీద మోజు అనో తేల్చేసేవాళ్లు ఆ సగాన్ని చూడరు.

---

నీటిచెవి:

యంత్రం గురించి మూడు పేజీలు ఎందుకు విసుగు పుట్టించవో జలాంతర్గాముల నవలలు బాగా చూపిస్తాయి. వివరం పాత్రకి ఒక దారి మూసేస్తే అది కథ. ఏ దారీ మూయకపోతే అది కరపత్రం.

జలాంతర్గామికి కిటికీ లేదు, వినడమే దిక్కు. నీళ్లలో ధ్వని సెకనుకు సుమారు 1500 మీటర్లు పోతుంది, గాలిలో కంటే నాలుగు రెట్లకు పైగా వేగం. చప్పుడు చేయకుండా కేవలం వినే సోనార్ శత్రువు ఏ దిక్కున ఉన్నాడో చెబుతుంది, ఎంత దూరంలో ఉన్నాడో నేరుగా చెప్పదు. దూరం కావాలంటే కొన్ని నిమిషాలు ఒకే దారిలో వెళ్తూ ఆ దిక్కు ఎలా మారుతోందో రాసుకోవాలి, తర్వాత తన దారి మార్చి మళ్లీ కొన్ని నిమిషాలు రాసుకోవాలి, రెండూ కలిపి లెక్క కట్టాలి. ఈలోగా శత్రువు కూడా దారి మార్చాడా, లెక్క మళ్లీ మొదటికి. విసుగొచ్చి గట్టిగా ఒక 'పింగ్' కొడితే దూరం వెంటనే తెలుస్తుంది. కానీ తానెక్కడున్నాడో అందరికీ చాటింపు వేసినట్టే.

ఇంకా ఉంది. వేగం పెంచితే తన ఒంటి చుట్టూ పారే నీటి హోరు వల్ల తనకే చెవుడు వస్తుంది. తగ్గిస్తే వినిపిస్తుంది గానీ శత్రువు జారిపోతాడు. వెనకవైపు తన సొంత ప్రొపెల్లర్ చప్పుడు వల్ల ఒక చెవిటి కోణం ఉంటుంది. అందులో ఎవరైనా వెంటపడుతున్నారేమో చూడాలంటే ఓడ మొత్తం తిప్పాలి. నీటి ఉష్ణోగ్రత ఒక్కసారిగా మారే పొర దగ్గర ధ్వని వంగిపోతుంది, దాని కింద దూరినవాణ్ణి పైనుంచి వినడం కష్టం.

చూశారా, ఇక్కడ ప్రతి వివరమూ కెప్టెన్‌ని ముందు నుయ్యి, వెనక గొయ్యి దగ్గరికి తెస్తోంది. ఒక్కసారి ఈ నియమాలు పాఠకుడికి తలకెక్కాయంటే, తర్వాత రచయిత "వేగం పెంచు" అన్న రెండు మాటలు రాస్తే చాలు. నియమాలు ముందు నేర్పి, వాటితో తర్వాత ఆడాలి. చివరి నిమిషంలో "ఆ, అన్నట్టు, ఈ జలాంతర్గామికి ఇంకో రహస్య ఇంజను కూడా ఉంది" అంటే మొత్తం మోసం.

టామ్ క్లాన్సీ మొదటి నవల 'ది హంట్ ఫర్ రెడ్ అక్టోబర్'ని (సోవియట్ జలాంతర్గామితో అమెరికా వైపు పారిపోయే కెప్టెన్ కథ) 1984లో ప్రచురించింది నేవల్ ఇన్‌స్టిట్యూట్ ప్రెస్. నౌకాదళ పుస్తకాలు వేసే సంస్థ, అంతవరకు కొత్త నవల వేసింది లేదు. ఆ కథకి వెనక 1975 నవంబరు నాటి నిజమైన తిరుగుబాటు ఉంది. రిగా నుంచి 'స్తొరొజెవోయ్' అనే సోవియట్ యుద్ధనౌకని దాని రాజకీయ అధికారి సాబ్లిన్ స్వాధీనం చేసుకుని బయటికి తీసుకెళ్లాడు. అది జలాంతర్గామి కాదు, ఆయన ఉద్దేశం పారిపోవడం కూడా కాదు, లెనిన్‌గ్రాడ్ వెళ్లి ప్రజలతో మాట్లాడటం. మరుసటి ఏడాది మరణశిక్ష వేశారు. నిజంలోంచి నవల ఏం తీసుకుంది, ఏం మార్చింది అని పక్కపక్కన పెట్టి చూస్తే ఈ ప్రక్రియ గుట్టు చాలా తెలుస్తుంది.

---

పుటమడత:

నీటిచెవి గారూ, "దారి మూయాలి" అన్నది పట్టుకున్నాను. మరి తుపాకుల వివరాలు ఎందుకు ఇంత తరచుగా కరపత్రంలా ఉంటాయి? అవీ నియమాలే కదా.

---

గురిబిందువు:

ఎందుకంటే చాలామంది తుపాకీ పేరు, క్యాలిబరు, తయారీ దేశం రాస్తారు. అవి మూసే దారి ఏమీ లేదు. మూసేవి వేరే.

ఏకే రకం తుపాకీ ఆటోమేటిక్‌లో నిమిషానికి సుమారు 600 తూటాల వేగంతో కాలుస్తుంది. తూటాలు నింపే మ్యాగజైనులో 30. వేలు తీయకుండా నొక్కితే మూడు సెకన్లలో ఖాళీ. పేజీ పొడవునా ఏకధాటిగా కాల్చే పాత్రని చూడగానే తెలిసినవాడు పుస్తకం మూసేస్తాడు. అదే లెక్కని నిజాయితీగా వాడితే, మ్యాగజైను మార్చే ఆ రెండు మూడు సెకన్లే సన్నివేశానికి ప్రాణం.

సైలెన్సర్. పేరే మోసం. మామూలు తుపాకీ పేలుడు 160 డెసిబెల్స్ దాకా ఉంటుంది, ఆ గొట్టం అందులో సాధారణంగా ఓ 20 నుంచి 35 తగ్గిస్తుంది. అంటే ఇంకా గట్టి చప్పుడే. పైగా ధ్వని కంటే వేగంగా పోయే తూటా గాలిలో చేసే 'ఠప్' మనే చప్పుడు గొట్టంతో పోదు, దానికి నెమ్మది తూటా కావాలి. రివాల్వర్‌కి బిగించిన సైలెన్సర్ దాదాపు దండగ. సిలిండరుకీ బ్యారెల్‌కీ మధ్య సందులోంచి చప్పుడు వచ్చేస్తుంది. ఆ సందు మూసుకునేలా చేసిన పాత రష్యన్ నాగాన్ లాంటివి మినహాయింపు. ఇక గ్లాక్ పిస్టల్‌కి "సేఫ్టీ మీట లాగాడు" అని రాయడం ఈ సాహిత్యంలో అతి పాత తప్పు. మామూలు గ్లాక్‌కి బయట అలాంటి మీట ఉండదు, సేఫ్టీ ట్రిగ్గర్‌లోనే ఉంటుంది.

థర్మల్ కెమెరాతో కిటికీ అద్దంలోంచి లోపలి మనుషుల్ని చూడటం ఇంకొకటి. అది చూసే వేడి తరంగాలకి మామూలు అద్దం గోడ లాంటిది. నవలలో దీన్ని సరిగ్గా వాడితే మంచి సన్నివేశం వస్తుంది: అన్నీ ఉన్న బృందానికి ఒక చవక గాజు పలక అడ్డు.

అన్నిటికన్నా పెద్ద నేరం ఉపగ్రహం. "ఉపగ్రహాన్ని ఆ ఇంటి మీద ఆపండి" అంటాడు జనరల్. ఆగదు. తక్కువ ఎత్తులో తిరిగే నిఘా ఉపగ్రహం సెకనుకు 7 కిలోమీటర్లకు పైగా పోతుంది, భూమిని గంటన్నరలో చుట్టేస్తుంది, ఒక చోటు మీద ఉండేది కొన్ని నిమిషాలే. ఒకే చోట నిలిచినట్టు కనిపించేవి దాదాపు 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉంటాయి, అక్కణ్ణుంచి మనిషి ముఖం మాట దేవుడెరుగు, ఇల్లే తెలియదు. గంటల తరబడి చూడాలంటే డ్రోన్ రాయాలి. ఇక్కడే అసలు కథ దొరుకుతుంది. ఉపగ్రహం ఎప్పుడొస్తుందో ముందే లెక్క కట్టొచ్చు కాబట్టి, దాక్కునేవాడు ఆ టైంటేబుల్ ప్రకారం పని చేస్తాడు. 1995లో పోఖ్రాన్ సన్నాహాలు అమెరికా ఉపగ్రహాలకు దొరికిపోయి ఆగాయి. 1998 మేలో ఉపగ్రహం తలమీద లేని వేళలు, రాత్రిళ్లు చూసుకుని పని సాగించి, శాస్త్రవేత్తలు సైనికుల దుస్తుల్లో తిరిగి, పరీక్ష జరిగేదాకా బయటపడనివ్వలేదు. ఏ కల్పనకైనా ఇంతకంటే మంచి గడియారం ఏం కావాలి?

---

నోటుఫైలు:

సంతకాల అధ్యాయం గురించి ఎవరూ పూర్తిగా చెప్పలేదు కాబట్టి.

పొలిటికల్ థ్రిల్లర్‌లో ఆయుధం అధికారం. దానికీ మ్యాగజైను ఉంటుంది, దానికీ సేఫ్టీ ఉంటుంది. రచయిత ఆ యంత్రాన్ని విప్పి చూపించాలి. అమెరికా రాజ్యాంగం 25వ సవరణ (1967) నాలుగో సెక్షన్ చూడండి. అధ్యక్షుడు విధులు నిర్వర్తించలేని స్థితిలో ఉన్నాడని ఉపాధ్యక్షుడూ, మంత్రిత్వ శాఖల అధిపతుల్లో సగం కంటే ఎక్కువమందీ రాసి ఇస్తే అధికారం ఉపాధ్యక్షుడి చేతికి వస్తుంది. శాఖలు 15, అంటే 8 సంతకాలు. చాలా నవలలు ఇక్కడితో ఆపేస్తాయి, ఏదో కుర్చీలాట అన్నట్టు.

అసలు రసం తర్వాతే ఉంది. అధ్యక్షుడు "నేను బాగానే ఉన్నాను" అని తిరిగి రాసి పంపొచ్చు. అప్పుడు అవతలివాళ్లకి 4 రోజుల్లోగా మళ్లీ అభ్యంతరం రాసే అవకాశం ఉంది. రాస్తే కాంగ్రెస్ తేల్చాలి. సమావేశాల్లో లేకపోతే 48 గంటల్లో కూడాలి. 21 రోజుల్లోగా రెండు సభల్లోనూ మూడింట రెండొంతుల ఓట్లు రాకపోతే అధికారం అధ్యక్షుడికే. ఈ నాలుగో సెక్షన్‌ని ఇంతవరకు ఎవరూ ప్రయోగించలేదు. 8వ సంతకం ఎవరిది, నాలుగో రోజు రాత్రి ఎవరు జారుకుంటారు, సెనేట్‌లో 67వ ఓటు ఎక్కడుంది. ఒక్క తూటా లేకుండా నాలుగు వందల పేజీలు నడిపే సరంజామా అంతా రాజ్యాంగమే ఇచ్చింది.

పొరపాట్లలో అన్నిటికన్నా తరచుగా కనిపించేది అణ్వాయుధాల అనుమతి. రక్షణ మంత్రి ఒప్పుకోకపోతే అధ్యక్షుడి ఆదేశం ఆగిపోతుందని రాస్తారు. అమెరికాలో ఆయనకి అలాంటి వీటో లేదు. ఇద్దరు మనుషులు కలిసి ధ్రువీకరించాలన్న నియమం ఆదేశం అందుకుని అమలు చేసేవాళ్లకి, ఇచ్చేవాడికి కాదు. నిజం రాస్తే భయం తగ్గదు, పెరుగుతుంది.

నవలల్లో అమెరికా, సోవియట్ అధినేతలు ఎత్తి మాట్లాడుకునే ఎర్ర ఫోను కూడా అంతే. క్యూబా సంక్షోభంలో కెన్నడీ, కృశ్చేవ్‌ల సందేశాలు చేరి, అనువాదమై, చేతికందడానికి గంటలకు గంటలు పట్టింది. అందుకే 1963లో హాట్‌లైన్ పెట్టారు. అది టెలిటైపు, ఫోను కాదు, ఎరుపూ కాదు. గొంతులో కోపం తప్పుగా అర్థమయ్యే ప్రమాదం ఉండదు, రాతలోని మాటలు తూచి చూసుకోవచ్చు. నవలల్లో ఎర్ర ఫోను ఎత్తి అరిచే అధ్యక్షుడికంటే, అక్షరం అక్షరం కొడుతున్న యంత్రం ముందు నిలబడి వాక్యం పూర్తయ్యేదాకా ఎదురుచూసే అధ్యక్షుడు ఎంత బాగుంటాడో!

---

క్త్వార్థం:

అందరూ వస్తువు గురించి చెప్పారు, నేను వాక్యం గురించి ఒక మాట. తెలుగులో ఈ రకం రాసేవాళ్లు, అనువదించేవాళ్లు వేగం కోసం వాక్యాల్ని ముక్కలు చేస్తారు. "అతను దూకాడు. పరుగెత్తాడు. తలుపు తీశాడు. ఆగాడు." ఇది తెలుగులో వేగం కాదు, టెలిగ్రాం. ప్రతి 'ఆడు' దగ్గరా బండికి బ్రేకు పడుతోంది.

మన భాషలో పరుగు అసమాపక క్రియల్లో ఉంది: "గోడ దూకి, చీకట్లో తడుముకుంటూ మెట్లెక్కి, తలుపు తోసి లోపలికి చూసి ఆగిపోయాడు." ఒక్కటే బ్రేకు, అదీ కావలసిన చోట. గొలుసు నాలుగైదు దాటితే కర్త ఎవరో మర్చిపోతారు, అదొక్కటి చూసుకోవాలి.

రెండోది, మన వాక్యంలో అవునో కాదో చివర్లోనే తేలుతుంది. "సంతకం పెట్టడానికి పెన్ను చేతిలోకి తీసుకున్నవాడు, కాగితం చివరిదాకా చదివి కూడా, పెట్ట" దాకా వచ్చినా 'లేదు' అనేది తెలియదు. ఉత్కంఠ వ్యాకరణంలోనే ఉంది, అరువు తెచ్చుకోనక్కర్లేదు.

మూడోది పొలిటికల్ థ్రిల్లర్‌కి వరం. మూడు వందల పేజీలు "సర్, మీరు" అన్న సహాయకుడు ఒక్కసారి "నువ్వు కూర్చో" అంటే తిరుగుబాటు జరిగిపోయినట్టే. వేరే వర్ణన అక్కర్లేదు. దాన్ని ముందెక్కడా దుబారా చేయకుండా దాచుకోవాలి, అంతే.

---

పుటమడత:

చివరి ప్రశ్న. ఇన్ని బాగా చేసిన నవలలు కూడా ఆఖరి మూడోవంతులో ఎందుకు కూలబడతాయి?

---

గడియారపుముల్లు:

మొదట్లో చెప్పిన తేడా అక్కడ ఖాళీ అయిపోతుంది కాబట్టి. రహస్యాలన్నీ బయటపడ్డాయి, అందరూ ఒకే చోటికి చేరారు, ఇక కొట్టుకోవడమే. చివరి ఘట్టంలో కూడా ఎవరో ఒకరికి ఒక ముఖ్యమైన విషయం తెలియకుండా మిగల్చాలి.

రెండో కారణం విలన్. అతని పథకం కథానాయకుడి తప్పుల మీద ఆధారపడి ఉంటుంది. కథానాయకుడు ఇంట్లో పడుకుని ఉంటే పథకం నడుస్తుందా అని అడిగి చూడండి. నడవకపోతే అది పథకం కాదు.

మూడోది, సరిగ్గా పనిచేసే యంత్రాలు. 1983 సెప్టెంబరు 26న సోవియట్ హెచ్చరిక వ్యవస్థ ఐదు అమెరికన్ క్షిపణులు వస్తున్నాయని చూపించింది. డ్యూటీలో ఉన్న అధికారి పెత్రోవ్ నమ్మలేదు. మొదటి దెబ్బ కొట్టేవాడు ఐదింటితో మొదలుపెట్టడు, పైగా నేల మీది రాడార్లలో ఏమీ కనిపించడం లేదు. తప్పుడు హెచ్చరిక అని పైవాళ్లకి చెప్పాడు. మబ్బుల మీద పడ్డ ఎండ ఉపగ్రహాన్ని మోసం చేసిందని తర్వాత తేలింది. ఆ గదిలోని యంత్రాలన్నీ సరిగ్గా పనిచేసి ఉంటే అక్కడ రాయడానికి ఏమీ ఉండేది కాదు. ఆఖరి అధ్యాయాల్లో తెరలన్నీ నిజమే చూపిస్తుంటే మనిషికి చేయాల్సిన పని మిగలదు, అందుకే రచయిత వాడి చేతికి తుపాకీ ఇస్తాడు.

---

గురిబిందువు:

ఇచ్చి, మూడు సెకన్లలో ఖాళీ కావాల్సిన మ్యాగజైనుతో మూడు పేజీలు కాల్పిస్తాడు.